రెండేళ్ళొస్తున్నా మాటలు రావట్లేదా? ఇంట్లో ఇలా చేసి చూడండి

"మేడం, మావాడికి రెండేళ్ళొస్తున్నాయి. 'అత్త', 'తాత' తప్ప ఇంకేం అనడు. పక్కింటి పాప వసపిట్టలా వాగుతోంది. ఏం చెయ్యమంటారు?"

గుంటూరులో నా దగ్గరకు స్పీచ్ థెరపీకి వచ్చే తల్లిదండ్రులు కూర్చోగానే అడిగేది ఇదే. బ్రాడీపేట నుంచి నడిచొచ్చినా, పల్లె నుంచి బస్సెక్కి వచ్చినా, బ్యారేజీ దాటి విజయవాడ నుంచి వచ్చినా ప్రశ్న మారదు. జవాబులో చాలా భాగం కూడా మారదు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇది 1 నుంచి 3 ఏళ్ళ పిల్లల కోసం. మాట ఆలస్యమైన పిల్లలకే కాదు, బాగానే ఉన్న పిల్లలకూ పనికొస్తుంది.

మన ఇళ్ళలో పిల్లలతో మాట్లాడటం తక్కువేం కాదు. చిక్కల్లా ఆ మాటల్లో అడగడమే ఎక్కువ కావడం. "ఇదేంటి? చెప్పు. ఆవు ఎట్టా అరుస్తుంది? చెప్పు. అంకుల్‌కి నీ పేరు చెప్పు." పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా పరీక్షే. కింద రాసినదాంట్లో ఎక్కువ భాగం ఆ పరీక్ష ఆపి, బిడ్డకు మాట్లాడే వంతు ఎలా ఇవ్వాలన్నదాని గురించే.

కావలసినవి

- ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను. ఫోన్లో రాసుకోవద్దు. ఫోను చేతిలో ఉంటే బిడ్డ చూపు దాని మీదే ఉంటుంది.
- ఇంట్లో ఉన్న స్టీలు గిన్నెలు, మూతలు, గరిటె, బంతి, మూత గట్టిగా పట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా ఒకటి. కొత్త బొమ్మలు కొనక్కర్లేదు.
- మీ పెళ్ళి ఆల్బమ్. ఎందుకో తరువాత చెప్తాను.
- రోజుకు మూడు సార్లు, పదేసి నిమిషాలు. ఆ కాసేపూ టీవీ ఆపేసి ఉండాలి. సౌండ్ తగ్గించడం కాదు, ఆపేయడమే.

ఒక హెచ్చరిక. శనగలు, చింతగింజలు, గోళీలు, బటన్ బ్యాటరీలు ఆటలోకి తేకండి. ఈ వయసు పిల్లలు వాటిని నోట్లో, ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు.

1. ముందు చెవి చూపించండి

మిగతా అన్నిటికంటే ముందు ఇది. వినపడని మాట బిడ్డ అనలేడు.

"మావాడికి బాగా వినపడుతుందండీ, పళ్ళెం కింద పడితే ఉలిక్కిపడతాడు" అంటారు. పళ్ళెం చప్పుడు వేరు, మాట వేరు. పెద్ద చప్పుళ్ళు వినపడి, 'స', 'త', 'ప' లాంటి మెల్లని శబ్దాలు సరిగా అందని పిల్లలు ఉంటారు. వెనక నుంచి చప్పట్లు కొట్టి చూసే ఇంటి పరీక్షను నమ్ముకోవద్దు. బిడ్డ మీ నీడ చూసి కూడా తిరగొచ్చు. చెవి డాక్టరుకు చూపించి, ఆడియాలజిస్టు దగ్గర పరీక్ష చేయించండి. ఈ వయసులో ఓఏఈ, బెరా అనే పరీక్షలు చేస్తారు. బెరా బిడ్డ నిద్రలో ఉండగా చేస్తారు, నొప్పి ఉండదు.

పుట్టినప్పుడు చేసిన పరీక్ష బాగుందని ఊరుకోవద్దు. తరచూ జలుబు చేసే పిల్లలకు కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. చెవిలో నూనె మాత్రం పొయ్యకండి.

2. ఇప్పుడు ఎన్ని మాటలున్నాయో రాయండి

మూడు రోజులు తీసుకోండి. ఇంట్లో అందరినీ అడగండి. నాయనమ్మకు తెలిసిన మాటలు మీకు తెలియకపోవచ్చు.

ఏది మాటగా లెక్క? స్పష్టంగా ఉండక్కర్లేదు. అన్నం చూసినప్పుడల్లా "బూ" అంటే అది మాటే. కుక్కను చూసి "భౌ" అంటే అదీ మాటే. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, ఏ భాషదైనా లెక్కలోకి వస్తుంది. కానీ "ఏ ఫర్ ఆపిల్, బీ ఫర్ బాల్" అని గడగడా అప్పజెప్పి, ఆపిల్ కావాలంటే మీ చెయ్యి పట్టి ఫ్రిజ్ దగ్గరకు లాక్కెళ్తుంటే, ఆపిల్‌ని లెక్కలో రాయకండి. అది పాట. తనకు కావలసినప్పుడు తనంతట తాను వాడినదే మాట.

పక్క పేజీలో సైగలు రాయండి. వేలితో చూపించడం, టాటా చెప్పడం, చేతులు చాపడం, తల అడ్డంగా ఊపడం. మాటకంటే ముందు వచ్చేవి ఇవే. వేలు పెట్టి చూపించే బిడ్డ మాటకు దగ్గర్లో ఉన్నాడని నేను కాస్త నిబ్బరంగా చెప్పగలను. వేలు కూడా చూపించకపోతే ఈ వ్యాసం చివరి భాగం ముందు చదవండి.

3. కింద కూర్చోండి

మీ ముఖం బిడ్డ ముఖానికి ఎదురుగా, అదే ఎత్తులో ఉండాలి. ఒళ్ళో ముందుకు తిప్పి కూర్చోబెట్టుకుంటే మీ పెదాలు కనపడవు. మోకాళ్ళు నొప్పి అనే పెద్దవాళ్ళు బిడ్డను మంచం మీద కూర్చోబెట్టి, తాము చిన్న స్టూలు మీద కూర్చుంటే సరిపోతుంది.

4. బిడ్డ దేన్ని చూస్తున్నాడో దాని పేరు అనండి

మీరు బంతి చూపిస్తున్నారు, వాడు ఫ్యాను చూస్తున్నాడు. "ఇటు చూడు, బంతి, బంతి" అనకండి. "ఫ్యాను. ఫ్యాను తిరుగుతోంది" అనండి. చూపు ఉన్నచోటే మాట అతుక్కుంటుంది.

ఎంత పొడుగు వాక్యం? బిడ్డ ఉన్నచోటు నుంచి ఒక్క మెట్టు పైకి. ఇంకా మాటలు రాకపోతే ఒకటి రెండు మాటలు చాలు: "పాలు. ఇదిగో పాలు." వాడు "పాలు" అంటుంటే మీరు "వేడి పాలు", "పాలు తాగుదాం". వాడు రెండు కలుపుతుంటే మీరు మూడు నాలుగు. కొత్త మాటను వాక్యం చివర పెట్టండి. వాక్యంలో చివర విన్నది పిల్లలకు తేలిగ్గా పట్టుబడుతుంది. "గిన్నె తీసుకురా" కంటే "ఇదిగో, గిన్నె" అన్నప్పుడు గిన్నె బాగా వినపడుతుంది.

పేర్లతో ఆగిపోకండి. రంగులు, పళ్ళు, జంతువులు అందరూ నేర్పుతారు. బిడ్డకు రోజంతా పనికొచ్చేవి "దా", "ఇవ్వు", "వద్దు", "తియ్యి", "పోదాం", "అయిపోయింది", "ఇంకా". ఏనుగు ఎప్పుడో గానీ ఎదురుపడదు, "వద్దు" గంటకు పదిసార్లు కావాలి.

గొంతు కాస్త సాగదీసి, రాగంగా మాట్లాడటం మంచిదే. "బువ్వ", "లాల", "జోజో" అనొచ్చా అని అడుగుతుంటారు. నిక్షేపంగా అనండి.

5. ఆగండి

మొత్తంలో కష్టమైన మెట్టు ఇదే. పనిచేసేదీ ఇదే.

రైతుబజారు నుంచి తెచ్చిన సంచీ నేల మీద గుమ్మరించారనుకుందాం. బాబు ఒక వంకాయ తీసి మీ వైపు చాపాడు. మామూలుగా జరిగేది ఇది: "ఇదేంటి నాన్నా? వంకాయ. వంకాయ అను. వం-కా-య. అనవా? అను మరి, బంగారం కదూ." అంతా ఊపిరి తీసుకోకుండా అయిపోతుంది. వాడు వంకాయను అక్కడే పడేసి వెళ్ళిపోతాడు. "చూశారా మేడం, అనడు" అంటారు. అనడానికి సందేదీ?

ఇప్పుడు ఇలా చెయ్యండి. వంకాయ అందుకోండి. "వంకాయ" అనండి. కనుబొమలు కాస్త పైకెత్తి, వాడి ముఖంలోకి చూస్తూ, నోరు మూసుకుని మనసులో పది లెక్కపెట్టండి. నాలుగో అంకెకే మీకు నోరు దురద పెడుతుంది. ఓర్చుకోండి. వాడు మీ నోటి వైపు చూస్తాడు. వంకాయ వైపు చూస్తాడు. సంచీలో చెయ్యి పెడతాడు. ఏడో ఎనిమిదో అంకె దగ్గర "కా" అనొచ్చు. అంటే తన వంతు తీసుకున్నట్టే. "ఆఁ, వంకాయ! ఇంకో వంకాయ" అని మీ వంతు మీరు తీసుకోండి. ఏమీ అనకపోయినా ఫర్వాలేదు. పది అయ్యాక మళ్ళీ "వంకాయ" అని పక్కన పెట్టి, తరువాతది వాడే తీసేదాకా చూడండి. "అను" అనే మాట మాత్రం మీ నోట రాకూడదు.

సంచీలో పచ్చిమిరపకాయలు ఉంటే ముందే తీసేయండి. గుంటూరు వాళ్ళకు మిరపకాయ సంగతి చెప్పాలా అనుకుంటారు గానీ, వాడు కళ్ళు నులుముకున్నాక ఆ పూట మాటల సంగతి దేవుడెరుగు.

ఉమ్మడి ఇంట్లో ఇంకో చిక్కుంది. మీరు ఆగినా అమ్మమ్మ ఆగదు, ఆమె ఆగినా బాబాయి ఆగడు. నలుగురు కలిసి ఒక్కడి బదులు మాట్లాడేస్తారు. రోజుకు ఆ మూడు పది నిమిషాలు మాత్రం ఒక్కరే బిడ్డతో ఉండేలా చూసుకోండి. పెద్దవాళ్ళను ఆపమంటే నొచ్చుకుంటారు. "అత్తయ్యా, లెక్క మీరు పెట్టండి, పది దాకా" అని ఆ పనే వాళ్ళకు అప్పగించండి.

6. అడగాల్సిన అవసరం కల్పించండి

అలవాటుగా మనం బిడ్డ అడగకముందే అన్నీ అందిస్తాం. కొన్ని మార్చండి:

- ఇష్టమైన బిస్కెట్లు మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి చేతికివ్వండి. తెరవలేక మీ వైపు చూస్తాడు. "తియ్యి" అని, ఆగి, తీసివ్వండి.
- గ్లాసులో రెండు గుక్కలే పొయ్యండి. "ఇంకా" అనే మాట అక్కడ పుడుతుంది.
- ఒక చెప్పు తొడిగి రెండోది మర్చిపోయినట్టు నిలబడండి.

"చెప్తేనే ఇస్తా" అనే పంతం వద్దు. చూపుతోనో, చేత్తోనో, "ఊఁ" అనో అడిగితే చాలు, ఇచ్చేయండి. అన్నం, నీళ్ళు, నిద్ర విషయంలో ఈ ఆట అసలే వద్దు. ఆకలితో ఏడ్చే బిడ్డ మాట నేర్చుకోడు, ఏడవడం నేర్చుకుంటాడు.

7. తప్పు దిద్దకుండా ఒప్పు వినిపించండి

"కుక్క పోయాడు" అన్నాడు. "పోయాడు కాదు, పోయింది అను" అనకండి. "అవును, కుక్క పోయింది" అనండి. అంతే. "రెండు పండులు" అంటే "ఔను, రెండు పళ్ళు". "చెయ్యిలు" అంటే "చేతులు కడుక్కుందాం". ఇలాంటి తప్పులు వస్తున్నాయంటే సంతోషించండి. "పండులు" అని ఇంట్లో ఎవరూ అనరు కదా, వాడెక్కడ విన్నాడు? బహువచనానికి "లు" చేర్చాలని తనంతట తానే పట్టుకున్నాడు.

'ర' బదులు 'ల' పలకడం, 'స' బదులు 'త' పలకడం, ఒత్తులు ఎగరగొట్టడం మూడేళ్ళ లోపు మామూలు. చుట్టాల ముందు "ఏదీ, రైలు అను" అని "లైలు" అనిపించి నవ్వడం మానుకోండి.

8. పాట, బొమ్మ, ఆల్బమ్

రోజూ అదే పాట, అదే చేతుల ఆట పాడండి. కొత్తవి వెతకొద్దు. పాట బాగా అలవాటయ్యాక ప్రతి చరణంలో చివరి మాట అనకుండా ఆగండి. ఆ ఖాళీ పూరించాలని బిడ్డకు భలే ఆత్రం. దోబూచులాట కూడా ఇలాగే పనిచేస్తుంది. కొంగు తియ్యబోతూ ఆగితే "బూ" దానంతటదే వస్తుంది.

ఇప్పుడు ఆల్బమ్. అమ్మ, నాన్న, తాత, అత్త, మామ, పాప. ఇవన్నీ పెదాలతోనో, నాలుక కొనతోనో పలికే తేలిక మాటలు. ఇంట్లో రోజూ చూసే ముఖాలు ఆ ఫొటోల్లో ఉంటాయి. పేజీ తిప్పే పని బిడ్డకివ్వండి. "ఇదెవరు?" అని అడగకుండా, "అత్త!" అని మీరే ఆశ్చర్యపోయి ఆగండి.

9. ఫోను

రెండేళ్ళ లోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, 2 నుంచి 5 ఏళ్ళ మధ్య రోజుకు గంట మించొద్దని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. "మేం తెలుగు పాటలే పెడుతున్నాం" అంటారు. 2003లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. ఇంగ్లీషు ఇళ్ళలోని 9 నెలల పిల్లలకు చైనా భాషను కొందరికి మనిషి ఎదురుగా కూర్చుని వినిపించారు, కొందరికి అదే మనిషిని వీడియోలో చూపించారు. ఎదుట మనిషితో గడిపిన పిల్లలు ఆ భాషా శబ్దాలు పట్టుకున్నారు. వీడియో చూసినవాళ్ళకు ఏమీ అంటలేదు. ఫోను మీ బిడ్డ కోసం ఆగదు, "కా" అంటే "ఆఁ, వంకాయ" అనదు.

అన్నం తినేటప్పుడు ఫోను ఒక్కసారిగా మాన్పిస్తే రెండు మూడు రోజులు రణరంగమే. అంత ఓపిక లేకపోతే ముందు పొద్దుటి పూట మాన్పించి, అది కుదిరాక రాత్రి పూట మాన్పించండి.

అమెరికాలో ఉన్న తాతయ్య, నాయనమ్మలతో వీడియో కాల్ వేరే సంగతి. అవతల ఉన్నది మనిషి, బిడ్డకు బదులిస్తారు. వాళ్ళకు కూడా "ఇదేంటి చెప్పు" మాని దోబూచులాడమని చెప్పండి.

ఇంట్లో ఏ భాష?

మీకు ఏ భాషలో కోపం, ముద్దు, వెటకారం తడుముకోకుండా వస్తాయో ఆ భాష. ఎల్‌కేజీ సీటు భయంతో, రాని ఇంగ్లీషులో "కమ్, ఈట్, సిట్" అని మూడు మాటలతో సరిపెడితే బిడ్డకు ఏ భాషా నిండుగా అందదు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు గుంటూరులో ఎన్నో ఉన్నాయి, పిల్లలు రెండూ మాట్లాడుతున్నారు.

చెవి ఎంత తొందరగా ఇంటి భాషకు అలవాటు పడుతుందో చూడండి. కెనడాలో జరిగి 1984లో అచ్చయిన పరిశోధనలో, ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన 6–8 నెలల పిల్లలు హిందీలోని 'త', 'ట' తేడా గుర్తుపట్టారు. 10–12 నెలల వయసు వాళ్ళలో చాలామంది పట్టలేకపోయారు. ఆ తేడా తెలుగుకూ ప్రాణమే. కాబట్టి పాకే బిడ్డతోనే మాట్లాడటం మొదలుపెట్టండి, మాటలొచ్చాక మాట్లాడదామని ఆగకండి.

తరచుగా చేసే పొరపాట్లు

వస పొయ్యడం. మాట తొందరగా వస్తుందని సానమీద అరగదీసి తేనెతో నాకిస్తారు. వసలో బీటా-అసరోన్ అనే హానికరమైన పదార్థం ఉంటుంది. అమెరికాలో 1968 నుంచే వసను ఆహారంలో వాడకుండా నిషేధించారు. పసిపిల్లలకు వాంతులు పట్టుకున్న సందర్భాలున్నాయి. తేనె కూడా ఏడాది లోపు పిల్లలకు పెట్టకూడదు, బొటులిజం అనే జబ్బు రావచ్చు. పెద్దవాళ్ళ మాట కాదనలేకపోతే, వస అరగదీసి నుదుట బొట్టు పెట్టి ఊరుకోండి.

నాలుక కింద కోయించడం. నాలుక అంటుకుని ఉంటే పాలు తాగడంలోనో కొన్ని అక్షరాలు పలకడంలోనో ఇబ్బంది రావచ్చు. మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

"వాళ్ళ నాన్న కూడా నాలుగేళ్ళకే మాట్లాడాడు" అని ఎదురుచూడటం. "మగపిల్లలు ఆలస్యం" అన్నదీ ఇలాంటిదే. తేడా ఉన్నా కొద్దిగానే.

రెండు మూడేళ్ళ మధ్య మాటలు ఒక్కసారిగా పెరిగినప్పుడు "నే నే నేను" అని తడబడటం మామూలే. "నిదానంగా చెప్పు" అనకుండా పూర్తయ్యేదాకా వినండి. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే చూపించండి.

ఫలితం ఎలా తెలుసుకోవాలి

నాలుగు వారాల తరువాత నోటు పుస్తకం తీసి మళ్ళీ మూడు రోజులు రాయండి. మాటల సంఖ్య ఒక్కటే చూసుకుంటే నిరాశపడతారు. ముందు మారేవి వేరు: తనే వచ్చి మీ చెయ్యి తట్టడం, వస్తువు తెచ్చి చూపించడం, మీరు ఆగినప్పుడు ఏదో ఒక శబ్దం చెయ్యడం. సైగల పేజీలో కొత్తవి చేరితే దారి సరైనదే.

వయసు ప్రకారం సరిచూసుకోవడానికి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన కొలతలు బాగుంటాయి. నలుగురు పిల్లల్లో ముగ్గురికైనా ఆ వయసుకు వచ్చేవే అందులో పెట్టారు:

- ఏడాదిన్నరకు: అమ్మ, నాన్న కాక కనీసం మూడు మాటలు.
- రెండేళ్ళకు: రెండు మాటలు కలపడం. "పాలు ఇంకా", "తాత దా".
- రెండున్నరకు: సుమారు 50 మాటలు.
- మూడేళ్ళకు: బయటివాళ్ళకు కూడా చాలావరకు అర్థమవడం.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే, ముందు పుట్టిన వారాలను వయసులోంచి తీసేసి చూడండి. రెండేళ్ళదాకా ఇలాగే లెక్క.

ఇంటి పనులతో ఆగకుండా చూపించాల్సినవి

ఏడాదికి కూడా "బబబ", "దదద" లాంటి ముద్దుపలుకులు లేకపోవడం, వేలు చూపించకపోవడం, టాటా చెప్పకపోవడం. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం. ఏడాదిన్నరకు ఒక్క మాటా లేకపోవడం. రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోవడం. ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం. ఈ చివరిది కనపడితే ఆ వారమే వెళ్ళండి.

ముందు పిల్లల డాక్టరు, తరువాత స్పీచ్ థెరపిస్టు. ఖర్చు భయమైతే మీ అంగన్‌వాడీ టీచరును గానీ ఏఎన్‌ఎంను గానీ అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళలోపు పిల్లలను ఉచితంగా పరీక్షించి, అవసరమైనవాళ్ళను జిల్లా కేంద్రానికి పంపుతారు.

వెళ్ళేటప్పుడు చెవి పరీక్ష కాగితాలు, నోటు పుస్తకం, రెండు మూడు నిమిషాల వీడియో పట్టుకెళ్ళండి. కొత్తచోట పిల్లలు నోరు విప్పరు, ఇంటి దగ్గర వీడియోలోనే అసలు సంగతి తెలుస్తుంది. బిడ్డను నిలబెట్టి "చెప్పు" అంటూ తియ్యకండి. వాడు గిన్నెలతో ఆడుకుంటుండగా, టీవీ ఆపేసి, కాస్త దూరం నుంచి తియ్యండి.